నల్ల కారుకి మొదటి పాలిషర్: 15 ఎంఎం, 21 ఎంఎం, రోటరీ... ఏది తీసుకోవాలి?

నల్లబండి
అందరికీ నమస్తే. ఇక్కడి పోస్టులు చాన్నాళ్లుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. నాది నల్ల సెడాన్, ఐదేళ్ల బండి. నీడలో బాగానే ఉంటుంది. ఎండలో పెడితే మాత్రం బానెట్ వంక చూడబుద్ధి కాదు, అన్నీ గుండ్రటి సన్న గీతలే. బయట ఇవ్వకుండా మెషిన్ కొనుక్కుని నేనే చేసుకుందామనుకుంటున్నాను.

చిక్కంతా మెషిన్ దగ్గరే వచ్చింది. కొందరు 15 ఎంఎం డీఏ (డ్యూయల్ యాక్షన్, ఊగుతూ తిరిగే పాలిషర్) అంటారు. కొందరు 21 అయితే పని త్వరగా తెములుతుందంటారు. మా మెకానిక్ అయితే రోటరీ తప్ప మిగతావన్నీ బొమ్మలే అంటాడు. ఇంట్లో యాంగిల్ గ్రైండర్ ఒకటి ఉంది, దానికి ఫోమ్ ప్యాడ్ బిగించే అడాప్టర్ కూడా దొరుకుతోంది. అది వాడితే కుదురుతుందా? ఇంకో మాట, ఎడమ వైపు ముందు డోర్ ఒకసారి రీపెయింట్ అయింది.

ఫోమ్‌ప్యాడ్
స్వాగతం అన్నా. ముందు గ్రైండర్ సంగతి తేల్చేద్దాం. వద్దు. చిన్న యాంగిల్ గ్రైండర్ నిమిషానికి 10,000 చుట్లు పైనే తిరుగుతుంది. పాలిషింగ్ కోసం తయారైన రోటరీ ఉండేది సుమారు 600 నుంచి 3,000 మధ్య. గ్రైండర్ వేగానికి పెయింట్ కాలిపోవడం ఒక ఎత్తు, ప్యాడ్ ఊడి మీ మీదకే రావడం ఇంకో ఎత్తు. స్పీడ్ తగ్గించే డయల్ ఉన్నా దాని కనీస వేగమే మనకు ఎక్కువ.

మిగతాదానికి నా జవాబు 15 ఎంఎం డీఏ, 5 అంగుళాల ప్లేటు (ప్యాడ్ అంటించే బిళ్ల). సెడాన్‌కి ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు.

రోటరీ_తాత
మీ మెకానిక్ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పెయింట్ బూత్‌లో శాండింగ్ గీతలు (గరుకు కాగితంతో రుద్దినప్పుడు పడేవి) తీయాలంటే ఇప్పటికీ ఉన్నిప్యాడ్, రోటరీయే. డీఏతో అరగంట రుద్దే చోట రోటరీతో చేయి తిరిగినవాడు చాలా త్వరగా బయటపడతాడు. తక్కిన సగం ఆయన చెప్పలేదు. చేయి తిరగడానికి ముందు ఎన్ని పాత ప్యానెళ్లు పాడవుతాయో ఆ లెక్క ఎవరూ వేయరు. నేర్చుకోవాలంటే స్క్రాప్‌లో దొరికే బానెట్ మీద నేర్చుకోండి, ఐదేళ్ల నల్ల బండి మీద కాదు.

మైక్రాన్
తాతగారూ, మీ నోట ఈ మాట వస్తుందనుకోలేదు 🙂

నల్లబండి గారూ, ఈ మెషిన్లు లోపల ఎలా పనిచేస్తాయో తెలిస్తే మీకే తేలిపోతుంది. రోటరీలో ప్లేటు ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది. గేర్లే తిప్పుతాయి కాబట్టి ఎంత నొక్కినా ఆగదు. రాపిడంతా ఒకేచోట పడి వేడి పుడుతుంది. అంచు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలిచిందంటే క్లియర్‌కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) పోయి కింది రంగు బయటపడుతుంది. పైగా సరిగ్గా ఫినిష్ చేయకపోతే ఎండలో కదిలే నీడల్లాంటి చారలు మిగులుతాయి, వాటినే హోలోగ్రామ్స్ అంటారు. నల్ల బండి మీద అవి పది అడుగుల దూరం నుంచే తెలుస్తాయి.

డీఏలో కదలికలు రెండు. ప్లేటుని షాఫ్టుకి నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి బిగిస్తారు. దాంతో ప్లేటు మొత్తం చిన్న వలయంలో ఊగుతుంది, ఆ ఊపుకి బేరింగ్ మీద తనంతట తానే తిరుగుతుంది కూడా. ఆ వలయం వ్యాసమే మీరు చూస్తున్న 8, 15, 21 ఎంఎం. తిప్పడానికి గేరు లేదు కనుక ఎక్కువ నొక్కినా, ఒక పక్కకి వంచినా తిరగడం ఆగి ఊగడమే మిగులుతుంది. అప్పుడు కట్, అంటే గీతలు తీసే శక్తి, దాదాపు పోతుంది. మెషిన్ రాగానే ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. పని చేస్తుండగా ఆ గీత తిరుగుతూ కనబడాలి. కనబడకపోతే చేయి వదులు చేయండి, లేదా మెషిన్‌ని సమంగా పెట్టండి.

మెరుపు
నా బతుకుతెరువే డీటెయిలింగ్, కాబట్టి 21 గురించి నేను చెప్తాను. 21 ఎంఎం మెషిన్లకి మామూలుగా 6 అంగుళాల ప్లేటు వస్తుంది. పెద్ద ఎస్‌యూవీ బానెట్, వ్యాన్ రూఫ్ లాంటి చదును ప్యానెళ్ల మీద హాయిగా ఉంటుంది, ఎక్కువ మేర కవర్ చేస్తుంది. అదే మెషిన్‌ని సెడాన్ డోర్ మీద ఒంపు గీత ఉన్నచోటికి తీసుకెళ్తే ప్యాడ్ ఒక అంచు గాల్లో, ఇంకో అంచు పెయింట్ మీద. తిరగడం ఆగిపోతుంది, మెషిన్ చేతిలో గుద్దుతుంది. ఇప్పటి కార్లలో చదునుగా ఉండే ప్యానెళ్లు ఎన్ని? రూఫ్ పోతే ఏముంది?

రూపెస్ వాళ్ల బిగ్‌ఫుట్ వరసలో ఎల్‌హెచ్‌ఆర్ 15, ఎల్‌హెచ్‌ఆర్ 21 రెండూ నా దగ్గర ఉన్నాయి. ఒకటే ఉంచుకోమంటే 15 ఉంచుకుంటాను.

వారాంతం_వాష్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. 8 ఎంఎం వాళ్ల మాట ఎవరూ ఎత్తట్లేదేం? నా దగ్గర పాత పోర్టర్ కేబుల్ 7424ఎక్స్‌పీ ఉంది. చాలామంది మొదలుపెట్టింది దాంతోనే. ఇప్పుడది పనికిరాదంటారా?

ఫోమ్‌ప్యాడ్
ఎందుకు పనికిరాదు! చేతిలో ఉన్నవాళ్లు మార్చక్కర్లేదు. 5 అంగుళాల ప్లేటు, పలచటి ప్యాడ్ వేస్తే ఇప్పటికీ మంచి పని ఇస్తుంది. చిన్న త్రో (ఊగే వలయం) కాబట్టి ఇరుకు చోట్ల చెప్పినమాట వింటుంది కూడా. కాకపోతే గీతలు తీయడానికి ఎక్కువ పాసులు (అదే చోట మెషిన్‌ని మళ్లీ మళ్లీ నడపడం) పడతాయి, చేతులు తిమ్మిరెక్కుతాయి. కొత్తగా కొనేవాళ్లకి మాత్రం 15 చెప్తాను. 9 ఎంఎం గ్రియోట్స్ జీ9 లాంటివి మధ్యస్తంగా ఉంటాయి, అవీ బాగుంటాయి.

నల్లబండి
చాలా థాంక్స్. 15 వైపు మొగ్గుతున్నాను. కానీ "ఫోర్స్‌డ్ రొటేషన్" అని ఇంకో రకం చూశాను. అది ఆగదట కదా? అయితే అదే మేలు కదా?

రోటరీ_తాత
ఇదిగో, నాకు నచ్చే డీఏ అదొక్కటే. ఫ్లెక్స్ ఎక్స్‌సీ 3401 చూడండి. 8 ఎంఎం ఊపు, తిప్పేది గేరు. ఒంపుల మీద కూడా ఆగదు. మకీటా పీఓ5000సీ అయితే ఒక స్విచ్‌తో రెండు పద్ధతుల్లోకీ మారుతుంది, దాని త్రో 5.5 ఎంఎం. కట్ బాగుంటుంది, హోలోగ్రామ్స్ భయం తక్కువ.

మెరుపు
తాతగారు చెప్పింది నిజమే. ఒక్కటి కలుపుతాను. ఆగదు కాబట్టి అంచుల మీద జాగ్రత్త మళ్లీ మనదే. పైగా గేరు తిరుగుడు మెషిన్‌ని ఒక పక్కకి లాగుతుంటుంది, మొదట్లో దాంతో కుస్తీ పడుతున్నట్టే ఉంటుంది. రెండో మెషిన్‌గా బ్రహ్మాండం, మొదటిదానిగా నేను చెప్పను.

అసలు మనం మెషిన్ గురించే ఇన్ని పోస్టులు రాశాం. మెషిన్ చేసేది ప్యాడ్‌ని కదపడమే. గీత పోతుందా లేదా అన్నది ప్యాడ్, కాంపౌండ్ (గీతలు అరగదీసే ముతక పాలిష్), మీ చేయి తేలుస్తాయి. బడ్జెట్ మొత్తం మెషిన్ మీద పోసి రెండే ప్యాడ్లతో దిగేవాళ్లని చాలామందిని చూశాను. మెషిన్‌లో ఒక మెట్టు దిగినా ఫర్వాలేదు, ప్యాడ్లు, టవళ్లు, లైటు దగ్గర దిగకండి.

నల్లబండి
అయితే ఎన్ని ప్యాడ్లు? ఏ రంగువి? ఒకడు ఆరెంజ్ అంటాడు, ఇంకొకడు పసుపు అంటాడు, పిచ్చెక్కుతోంది.

ఫోమ్‌ప్యాడ్
రంగు మర్చిపోండి. ఒక కంపెనీ పసుపు ఫినిషింగ్‌కి, ఇంకో కంపెనీ పసుపు కటింగ్‌కి ఉండొచ్చు. ప్యాకెట్ మీద కటింగ్, పాలిషింగ్, ఫినిషింగ్ అని ఏం రాశారో అదే చూడండి.

5 అంగుళాల ప్లేటుకి 5.5 అంగుళాల ప్యాడ్ సరిపోతుంది. ప్లేటు కన్నా ప్యాడ్ కాస్త పెద్దగా ఉండాలి, లేకపోతే ప్లాస్టిక్ అంచు పెయింట్‌కి తగులుతుంది. ఒక సెడాన్‌కి మీడియం ఫోమ్ ఒక నాలుగు, సాఫ్ట్ ఫినిషింగ్ ఒక మూడు ఉంచుకోండి. ప్యాడ్‌లోకి పెయింట్ పొడి, పాత పాలిష్ చేరి బిగుసుకుపోతే కట్ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. అందుకే ప్యానెల్‌కో రెండింటికో మార్చాలి. ప్రతి సెక్షన్ తర్వాత బ్రష్‌తో దులపండి. గాలి కంప్రెసర్ ఉంటే దాంతో ఊదితే ఇంకా మంచిది.

మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్ ఒకటో రెండో దగ్గర ఉంచుకోండి. కట్ బాగా ఇస్తుంది, కానీ మెత్తటి పెయింట్ మీద మసక వదులుతుంది. తర్వాత ఫోమ్‌తో తీయాల్సిందే. ఉన్నిప్యాడ్ ఇప్పుడే వద్దు.

అద్దాల చుట్టూ, పిల్లర్ల మీద 5 అంగుళాలు పట్టవు. వీలైతే 3 అంగుళాల చిన్న డీఏ తర్వాత చూడండి. లేకపోతే ఆ చోట్లు చేత్తోనే.

మైక్రాన్
"5 అంగుళాల మెషిన్‌కే 3 అంగుళాల ప్లేటు బిగిస్తే సరిపోతుంది కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తున్నా. లాంగ్‌త్రో మెషిన్లలో కౌంటర్‌వెయిట్‌ని (ఊపుని సమం చేసే బరువు) ఫలానా బరువున్న ప్యాడ్, ప్లేటుకి సరిపడా లెక్కవేసి పెడతారు. బరువు మారితే వణుకు పెరుగుతుంది. తయారీదారు ఆ సైజు ఒప్పుకుంటేనే వేయండి.

వారాంతం_వాష్
కాంపౌండ్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. ఒక్కో కంపెనీకి పది సీసాలు.

మెరుపు
మొదటి కారుకి రెండు సీసాలు చాలు. ఒకటి కట్ కోసం, ఒకటి ఫినిష్ కోసం. మెన్జెర్నా అయితే 400, 3500 జత. అక్కడ నంబరు పెరిగేకొద్దీ మెత్తన. మెగ్వయర్స్ అయితే ఫినిషింగ్‌కి ఎం205 ఎన్నో ఏళ్లుగా నిలబడ్డ సరుకు. ఒకే కంపెనీ జత తీసుకుంటే ఒకదాని తర్వాత ఒకటి కలిసివస్తాయి, కానీ అదేం నియమం కాదు.

తేడా ఒకటి తెలుసుకోండి. కొన్నిట్లో రాపిడి రేణువులు పనిచేస్తుంటే విరిగి సన్నబడతాయి. వాటిని మధ్యలో ఆపేస్తే ముతకగానే వదిలేసినట్టు, పూర్తిగా నడపాలి. ఇంకొన్నిట్లో రేణువులు మొదటినుంచీ ఒకే సైజులో ఉంటాయి, గీత పోగానే ఆపేయొచ్చు. సీసా మీద ఏ పద్ధతి రాశారో చదవండి.

"ఆల్ ఇన్ వన్" అని వస్తాయి, పాలిష్, వాక్స్ కలిపి. రోజూ తిరిగే తెల్ల బండికి ఒక్క దెబ్బతో పనైపోవాలంటే అది మంచి ఎంపిక. నల్ల బండి మీద కోటింగ్ (పాలిష్ తర్వాత వేసే రక్షణ పొర) వేయాలనుకుంటే వద్దు, ఆ వాక్స్ అడ్డం వస్తుంది.

మైక్రాన్
నేను కాస్త బ్రేకు వేస్తాను. నల్లబండి గారు ఏది కొన్నా ముందు తెలుసుకోవాల్సింది తన దగ్గర తీయడానికి ఎంత ఉందో. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం, అంటే ప్రైమరు, రంగు, క్లియర్‌కోట్ అన్నీ కలిపి, సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒక కాగితం మందం. అందులో క్లియర్‌కోట్ వాటా సుమారు 35 నుంచి 50. ఎండలోని యూవీని అడ్డుకునేదీ ఆ పొరే. బాగా పలచబడితే ఇవాళ మెరుస్తుంది, కొన్నేళ్లకు వెలిసిపోయి పొరలుగా లేస్తుంది.

పెయింట్ గేజ్ దొరికితే ప్రతి ప్యానెల్ కొలవండి. గేజ్ చూపేది మొత్తం మందం, క్లియర్‌కోట్ ఒక్కదాన్నీ కాదు. రీపెయింట్ డోర్ మీద అంకె ఎక్కువగా వస్తే సంబరపడకండి, కింద పుట్టీ ఉండొచ్చు. మామూలు గేజులు లోహం మీదే పనిచేస్తాయి, ప్లాస్టిక్ బంపర్ మీద ఏమీ చూపవు.

గీతని వేలిగోరుతో అడ్డంగా తాకి చూడండి. గోరు పట్టుకుంటే అది పాలిష్‌తో పోయే లోతు కాదు. అంచులు గుండ్రబడి కాస్త తక్కువగా కనబడేలా చేసి వదిలేయాలి. అన్ని గీతలూ తీయాలన్న పట్టుదలే ఎక్కువ బళ్ల పెయింట్ తినేస్తుంది.

నల్లబండి
సరే, ఇది నేను ఆలోచించని కోణం. అయితే పని ఎక్కడ మొదలుపెట్టాలి? కడిగేసి నేరుగా మెషిన్ పెట్టడమేనా?

టార్చ్‌లైట్
కాదు కాదు. కడిగాక ఐరన్ రిమూవర్ కొట్టండి. బ్రేకుల నుంచి రేగి పెయింట్‌లో గుచ్చుకున్న ఇనుప రేణువులతో కలిసి ఊదా రంగులోకి మారుతుంది. అది ఎండిపోకముందే కడిగేసి, తర్వాత క్లే బార్ (అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద), లూబ్రికెంట్‌తో. చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పెయింట్ మీద నిమిరితే గరుకు బాగా తెలుస్తుంది. నున్నగా అయ్యేదాకా క్లే చేయండి. ఆ మురికి అలాగే ఉంచి మెషిన్ పెడితే ప్యాడ్ దాన్ని ఈడ్చుకుంటూ కొత్త గీతలు గీస్తుంది. క్లే కూడా సన్న గీతలు వదులుతుంది, ఎలాగూ పాలిష్ చేస్తారు కాబట్టి ఫర్వాలేదు.

తర్వాత మాస్కింగ్ టేపు. రబ్బరు బీడింగులు, నల్ల ప్లాస్టిక్, బ్యాడ్జీలు, ప్యానెళ్ల పదునైన అంచులు, అన్నిటికీ వేయండి. అంచుల మీద పెయింట్ పలచగా ఉంటుంది.

నా పేరే చెబుతోంది, లైటు మాట ఎత్తకుండా వదలను. గదిలో ట్యూబ్‌లైట్ కింద స్వర్ల్స్ (మీరు చెప్పిన గుండ్రటి సన్న గీతలు) దాక్కుంటాయి. ఒకే బిందువు నుంచి వచ్చే గట్టి లైటు కావాలి. తలకి పెట్టుకునే ఎల్ఈడీ అయినా పనికొస్తుంది. చివరి తీర్పు మాత్రం ఎండదే. పని నీడలో, తనిఖీ ఎండలో. ఎండలో పని చేస్తే ప్యానెల్ వేడికి పాలిష్ ఎండిపోయి పొడి రేగుతుంది.

ఫోమ్‌ప్యాడ్
ఇక టెస్ట్ స్పాట్. బానెట్ మీద రెండడుగుల చదరం టేపుతో గుర్తు పెట్టుకోండి. మొదట ఫినిషింగ్ పాలిష్, మెత్తటి ఫోమ్. కొత్త ప్యాడ్ కాబట్టి ముఖమంతా పలచగా పాలిష్ పట్టించి, ఆపైన మూడు నాలుగు బఠాణీ గింజలంత చుక్కలు. తక్కువ వేగంలో పరిచి, తర్వాత డయల్ 4 లేదా 5. మెషిన్ బరువుకి కాస్త ఎక్కువ ఒత్తిడి చాలు. చేయి నెమ్మదిగా నడవాలి. కొత్తవాళ్లందరూ పరిగెత్తిస్తారు. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, ఒక్కో వరస ముందుదాన్ని సగం కప్పేలా. నాలుగు నుంచి ఆరు పాసులు. మెషిన్ పెయింట్ మీద పెట్టాకే ఆన్ చేయాలి, ఆపాకే ఎత్తాలి. లేకపోతే చుక్కలన్నీ మీ చొక్కా మీదే.

తుడిచాక పలచన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కానీ ప్యానెల్ వైప్ కానీ కొట్టి మళ్లీ తుడవండి. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి అవి పోయినట్టు భ్రమ కల్పిస్తాయి. గీతలు పోతే అక్కడితో ఆగండి, కారంతా అదే పద్ధతి. పోకపోతే ముందు ప్యాడ్ మార్చండి, అప్పటికీ పోకపోతే కాంపౌండ్. ఒక్కసారి ఒక్కటే మార్చండి, రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

రోటరీ_తాత
జర్మన్ పెయింట్ గట్టి, జపాన్ పెయింట్ మెత్తన అని ఒక లెక్క చెబుతారు. మోటుగా నిజమే, కానీ దాన్ని నమ్ముకుని కాంపౌండ్ కొనకండి. ఒకే కంపెనీలో రంగుని బట్టి మారుతుంది. రీపెయింట్ డోర్ వేరే పెయింట్ కాబట్టి దానికి విడిగా టెస్ట్ స్పాట్ చేయండి.

నల్లబండి
అప్‌డేట్. 15 ఎంఎం వచ్చింది, ప్లేటు మీద గీత గీశాను, టెస్ట్ స్పాట్ అయింది. ఫినిషింగ్ పాలిష్‌తో సన్న గీతలు పోయాయి, కొంచెం లోతువి మిగిలాయి. మీడియం ఫోమ్‌తో అదే పాలిష్ వేస్తే చాలావరకు పోయాయి. కాంపౌండ్ అవసరమే పడలేదు! కుతూహలం కొద్దీ ఒక మూల మైక్రోఫైబర్ ప్యాడ్, కాంపౌండ్ వేసి చూశాను. గీతలన్నీ పోయాయి కానీ పాలపొరలా మసక. ఫినిషింగ్ ఫోమ్ పెడితే ఆ మసక పోయింది.

ఇంతకీ డోర్ మీద ఏదో తేడాగా ఉంది. పొడుగ్గా, ఒకే దిశలో సమాంతరంగా గీతలు. ఫోమ్‌కి కదలడం లేదు.

మైక్రాన్
అవి చాలావరకు రీపెయింట్ చేసినవాళ్లు వదిలేసిన శాండింగ్ గీతలై ఉంటాయి. వాటి కోసం కారంతటికీ పద్ధతి మార్చకండి. డోర్‌కి మాత్రం కాంపౌండ్, మైక్రోఫైబర్ వాడండి. గేజ్ ఉంటే ముందూ తర్వాతా కొలవండి. రెండు విడతల పాసుల్లో పోకపోతే వదిలేయండి. మిగతా కారుకి మీడియం ఫోమ్, ఫినిషింగ్ పాలిష్ సరిపోయిందంటే మీది అదృష్టం.

వారాంతం_వాష్
తుడిచే బట్టల మాట ఎవరూ చెప్పలేదు. ఇంట్లో పాత టీషర్టులు చాలా ఉన్నాయి...

టార్చ్‌లైట్
అన్నా, కష్టపడి గీతలు తీసి టీషర్టుతో మళ్లీ గీస్తావా 😄 మెత్తటి మైక్రోఫైబర్, 350 జీఎస్‌ఎమ్‌కి (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) అటూఇటూ, అంచుకి కుట్టు లేనివి. ఒక డజను ఉన్నా ఎక్కువ కాదు. నేల మీద పడ్డది పక్కన పడేయాల్సిందే. ఉతికేటప్పుడు మిగతా నూలు బట్టలతో కలపకూడదు, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకూడదు. బాగా వేడిలో ఆరబెట్టకూడదు, పోగులు బిరుసెక్కుతాయి.

ఇంకోటి, ఆ స్వర్ల్స్ పుట్టిందే కడగడంలో. మురికి బకెట్, స్పాంజి, దుమ్ము మీద పొడిగుడ్డ, ఇవి మానకపోతే ఆర్నెల్లలో మళ్లీ ఇక్కడికే వస్తారు. రెండు బకెట్లు, మిట్టు (కడగడానికి చేతికి తొడుక్కునేది) పెట్టుకోండి.

నల్లబండి
కడిగే పద్ధతి మార్చేశాను. చివరి ప్రశ్న. ముందు బంపర్ ఎలా? ప్లాస్టిక్ కదా, అదే పద్ధతా?

రోటరీ_తాత
పద్ధతి అదే, ఓపిక ఎక్కువ. లోహం వేడిని పక్కకి పంచుతుంది, ప్లాస్టిక్ పంచదు, వేడి అక్కడే పేరుకుంటుంది. వేగం ఒక అంకె తగ్గించండి, చిన్న చిన్న ముక్కలుగా చేయండి, మధ్యమధ్యలో చేత్తో తాకి చూడండి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇంకో చోటికి వెళ్లి తర్వాత తిరిగి రండి. మూలల దగ్గర ప్యాడ్ అంచుతో కాకుండా చదునుగా పెట్టండి. పట్టనిచోట చేత్తో రుద్దండి. బంపర్‌కి ఎలాగూ రాళ్లు తగులుతూనే ఉంటాయి, అక్కడ ఎనభై శాతం వస్తే దిగిపోండి.

మెరుపు
తాతగారి మాటకి నా ఓటు. డోర్ అయ్యాక ఫోటో పెట్టండి, పక్క నుంచి లైటు పడేలా.